ఒక్క ఊరు, పది పుస్తకాలు

ఎనిమిదేళ్ళుగా ఎవరు "ఎక్కడుంటున్నారు?" అని అడిగినా "షికాగో" అనే చెబుతున్నాను. నిజానికి మేం ఉండేది నేపర్‌విల్‌లో. షికాగో నడిబొడ్డుకి పడమరగా ముప్పై మైళ్ళ దూరం. పొద్దున్నే రైలెక్కడం, యూనియన్ స్టేషన్లో దిగి పది నిమిషాలు నడిచి ఆఫీసులో కూర్చోవడం, సాయంత్రం మళ్ళీ అదే రైలు. శనివారం పటేల్ బ్రదర్స్, ఆదివారం అరోరా బాలాజీ గుడి, లేదంటే ఎవరో ఒకరి పిల్లల పుట్టినరోజు. ఇండియా నుంచి చుట్టాలొస్తే విల్లిస్ టవర్, బీన్, నేవీ పియర్. షికాగోతో నా పరిచయం అంతే.

పోయినేడాది ముందు శీతాకాలంలో మా అమ్మాయికి బళ్ళో 'మా ఊరు' అని ఒక ప్రాజెక్టు ఇచ్చారు. "నాన్నా, షికాగో గురించి మూడు విషయాలు చెప్పు" అంది. డీప్ డిష్ పిజ్జా, విల్లిస్ టవర్, చలి అన్నాను. "అవి అందరూ చెప్తారు. నీకు తెలిసినవి చెప్పు" అంది. రెండో తరగతి పిల్లకి సమాధానం చెప్పలేక ఫోన్ తీసి వికీపీడియా చూశాను.

ఆ రాత్రి నాకు అమరావతి గుర్తొచ్చింది. ఇప్పటి రాజధాని కాదు, పాత అమరావతి. నేను పుట్టి పెరిగింది గుంటూరులో. అమరావతి మాకు గంట ప్రయాణం. లెక్కేస్తే నేను అక్కడికి వెళ్ళింది నాలుగైదు సార్లు, అదీ కార్తీక మాసంలో అమ్మ వెంట. అయినా ఆ ఊరి రేవు, గుడి మెట్లు, అక్కడి మనుషులు నాకు బాగా తెలుసనిపిస్తుంది. కారణం సత్యం శంకరమంచి 'అమరావతి కథలు'. పసలపూడి నేను చూడనేలేదు, కానీ వంశీ వల్ల తెలుసు. నెల్లూరు దర్గామిట్ట ఖదీర్‌బాబు వల్ల తెలుసు. కాళ్ళతో వెళ్ళని ఊళ్ళకి పుస్తకాలతో వెళ్ళాను. మరి రోజూ కాళ్ళతో వెళ్ళే ఊరికి పుస్తకాలతో ఎందుకు వెళ్ళలేదు?

అలా మొదలైంది ఈ పందెం. పందెం నాతో నాకే. ఏడాదిలో పది పుస్తకాలు. నియమాలు నాలుగు. ఒకటి, కథ ప్రధానంగా షికాగో నగరంలోనే జరగాలి, సబర్బులు లెక్కలోకి రావు. రెండు, అచ్చయిన సంవత్సరం వరసలోనే చదవాలి, అప్పుడు ఊరు పెరగడం తెలుస్తుంది. మూడు, కొనకూడదు, లైబ్రరీలోనే తెచ్చుకోవాలి (మా ఆవిడ పెట్టిన నియమం, అలమారలో చోటు లేదు). నాలుగు, వీలైనన్ని పుస్తకాలకి అందులోని ఒక చోటుకి వెళ్ళి చూడాలి. చదవడం రైల్లో. పోనూ రానూ కలిపి రోజుకి గంటన్నర పైనే దొరుకుతుంది. ఫోన్ బ్యాగులో పెట్టుకుంటే చాలు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. అదే ఏడాది మేం ఇల్లు కొనడానికి వెతుకుతున్నాం. ఈ రెండిటికీ సంబంధం ఉంటుందని మొదట్లో నాకు తోచలేదు.

జనవరిలో థియొడోర్ డ్రైజర్ 'సిస్టర్ క్యారీ' (1900). 1889 ఆగస్టులో పద్దెనిమిదేళ్ళ క్యారీ విస్కాన్సిన్‌లోని చిన్న ఊరి నుంచి రైల్లో షికాగోకి వస్తుంది. వాన్ బ్యూరెన్ వీధిలో అక్క మిన్నీ ఇంట్లో దిగుతుంది. చెప్పుల ఫ్యాక్టరీలో ఉద్యోగం, వారానికి నాలుగున్నర డాలర్లు. అందులో నాలుగు డాలర్లు తిండికీ బసకీ అక్కా బావలకే ఇచ్చెయ్యాలి. ఆ పేజీ చదివి రైల్లో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. నేను ఈ దేశంలో ఉద్యోగానికి దిగినప్పుడు కన్సల్టెన్సీ గెస్ట్ హౌస్‌లో ఆరుగురం ఉండేవాళ్ళం. చేతికొచ్చేదాంట్లో వాళ్ళ కోతలు పోగా మిగిలేది క్యారీ అర డాలర్ లాంటిదే. ఆ బావ హాన్సన్ స్టాక్‌యార్డుల్లో మాంసం తరలించే రైలు పెట్టెలు కడుగుతాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. ఊరికి దూరంగా పడమటి వైపు రెండు స్థలాలకి నెలనెలా వాయిదాలు కడుతుంటాడు, ఎప్పటికైనా ఇల్లు కట్టుకోవాలని. నవలలో అతను చాలా చిన్న పాత్ర. నాకు మాత్రం అతనే గుర్తుండిపోయాడు.

ఫిబ్రవరిలో అప్టన్ సింక్లెయిర్ 'ది జంగిల్' (1906). ఈ పుస్తకం గురించి అందరికీ తెలిసింది మాంసం సంగతి. 1904లో సింక్లెయిర్ ఏడు వారాలు ప్యాకింగ్‌టౌన్‌లో తిరిగి, కార్మికులతో మాట్లాడి రాశాడు. పుస్తకం వచ్చిన కొన్ని నెలలకే, 1906 జూన్‌లో మాంసం తనిఖీకి, ఆహార పదార్థాల కల్తీకి చట్టాలొచ్చాయి. కార్మికుల కష్టం చూసి జనం గుండె కరుగుతుందనుకుంటే కడుపు తిప్పిందని సింక్లెయిరే తర్వాత వాపోయాడు.

నన్ను పట్టుకున్నది మాంసం కాదు, ఇల్లు. లిథువేనియా నుంచి వచ్చిన యూర్గిస్ కుటుంబం అద్దె ఎందుకు కట్టాలి, సొంతిల్లు కొనుక్కోండి అన్న రంగుల ప్రకటన చూస్తుంది. ఇల్లు 1,500 డాలర్లు. 300 ముందు కట్టాలి, తర్వాత నెలకి 12. కాగితాలు వాళ్ళకి చదవడం రాదు. ఒక లాయర్ని పిలుస్తారు. ఆ లాయరు వచ్చీ రాగానే అమ్మే ఏజెంటుని పాత స్నేహితుడిలా పేరు పెట్టి పలకరిస్తాడు. వీళ్ళకి వణుకు పుడుతుంది. కాగితంలో 'అద్దె' అన్న మాట కనిపిస్తుంది. ఏడుపులు, రాత్రంతా నిద్ర లేకపోవడం, ఇంకో లాయరు. అప్పటికే డబ్బు కట్టేశారు. కొన్నాళ్ళకి పక్కింటి ముసలమ్మ నెమ్మదిగా చెబుతుంది: అది కొత్తిల్లు కాదు, పదిహేనేళ్ళ నాటిది, రంగులేసి అమ్మారు. ఇంతకుముందు నాలుగైదు కుటుంబాలు వాయిదా తప్పి పోగొట్టుకుని వెళ్ళాయి. మీరు కట్టేది అసలే, వడ్డీ వేరు. యూర్గిస్ జైలుకెళ్ళి తిరిగొచ్చేసరికి ఇంటికి కొత్త రంగు వేసి ఉంటుంది. లోపల వేరే ఎవరో ఉంటారు.

మార్చిలో ఒక శనివారం స్టాక్‌యార్డ్స్ గేటు చూడ్డానికి వెళ్ళాను. 1865 క్రిస్మస్ రోజున తెరిచి 1971లో మూసేశారు. వందేళ్ళ పైన నడిచిన చోట ఇప్పుడు గిడ్డంగులు, లారీలు. ఎక్స్ఛేంజ్ అవెన్యూలో సున్నపురాయి కమాను ఒక్కటే మిగిలింది, పైన చెక్కిన ఎద్దు తలతో. నేను తప్ప చూడ్డానికి వచ్చిన వాళ్ళెవరూ లేరు. వెనక అగ్నిమాపక సిబ్బంది స్మారకం ఉంది. 1910లో అక్కడి మంటల్లో ఇరవై ఒక్క మంది చనిపోయారు. కారెక్కుతుంటే మా ఆవిడ ఫోన్. "మూడింటికి ఓపెన్ హౌస్ ఉంది, మర్చిపోయావా?" మర్చిపోయాను.

మార్చిలోనే రిచర్డ్ రైట్ 'నేటివ్ సన్' (1940). అలారం మోగడంతో మొదలవుతుంది. ఒకే గదిలో తల్లి, ముగ్గురు పిల్లలు, ఒక ఎలుక. పెద్ద కొడుకు బిగ్గర్ థామస్ ఒక ధనవంతుడింట్లో కారు డ్రైవర్‌గా చేరతాడు. ఆ ధనవంతుడు డాల్టన్ మంచివాడు. నల్లవాళ్ళ చదువులకి లక్షలు విరాళమిచ్చాడు, వాళ్ళ క్లబ్బుకి పింగ్‌పాంగ్ బల్లలు కొనిచ్చాడు. బిగ్గర్ కుటుంబం ఉండే ఆ ఎలుకల గది ఉన్న భవనం కూడా ఆయన కంపెనీదే. ఆ అద్దెలోంచే ఆ విరాళం. ఊళ్ళో వేరే చోట వాళ్ళకి ఇల్లెందుకు ఇవ్వరని విచారణలో అడిగితే, అది ఆనవాయితీ అన్నట్టు మాట్లాడతాడు. నవలలో జరిగే హత్యలు భయంకరంగా ఉంటాయి, బిగ్గర్‌ని ఇష్టపడమని రైట్ మనల్ని ఎక్కడా అడగడు. నాకు మాత్రం డాల్టన్ దగ్గర ఊపిరాడలేదు. అంత మర్యాదగా, అంత మామూలుగా ఉంటాడు.

ఏప్రిల్‌లో గ్వెండొలిన్ బ్రూక్స్ 'మాడ్ మార్తా' (1953). పులిట్జర్ అందుకున్న మొదటి నల్లజాతి రచయిత ఆవిడ, 1950లో, కవిత్వానికి. రాసిన నవల ఇదొక్కటే. నూట చిల్లర పేజీలు, చిన్నచిన్న ముక్కలు. అందులో ఒక ముక్క, 'ఇల్లు'. తల్లీ ఇద్దరు కూతుళ్ళూ వరండాలో కూర్చుని తండ్రి కోసం చూస్తుంటారు. ఆయన హోమ్ ఓనర్స్ లోన్ ఆఫీసుకి గడువు అడగడానికి వెళ్ళాడు. ఇవ్వకపోతే పధ్నాలుగేళ్ళుగా ఉన్న ఇల్లు పోతుంది. ఈ ఇల్లు పాతదైపోయింది, ఫ్లాటుకి మారితే హాయి, అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఎవరూ నమ్మరు. తండ్రి వస్తాడు. గడువిచ్చారు. అంతే కథ. నాకు చిన్నప్పుడు మా నాన్న కోఆపరేటివ్ బ్యాంకు నుంచి వచ్చేదాకా అమ్మ వాకిట్లో బియ్యం ఏరుతూ కూర్చున్న సాయంత్రం గుర్తొచ్చింది. దిగాల్సిన స్టేషను దాటిపోయి అరోరాలో దిగాను.

మేలో సాల్ బెలో 'ది అడ్వెంచర్స్ ఆఫ్ ఆగీ మార్చ్' (1953). నోబెల్ గ్రహీత, గొప్ప పుస్తకమని అందరూ అంటారు. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ నూట యాభయ్యో పేజీ దగ్గర ఆగిపోయాను. తప్పు నాదే కావచ్చు. పందెంలో ఓడిన పుస్తకం ఇదొక్కటే.

అప్పటికి నాకు ఒక సంగతి అర్థమైంది. నేను ఊరి గురించి పుస్తకాలు ఎంచుకున్నాను, వచ్చినవన్నీ ఇళ్ళ గురించి. ఎంచుకునేటప్పుడు అలా చూసుకోలేదు. ఈ ఊళ్ళో ఎవరు ఎక్కడుండాలి అన్నదే నూరేళ్ళ గొడవ కాబట్టి ఎటు తవ్వినా అదే పడింది.

జూన్‌లో లొరేన్ హాన్స్‌బెరీ నాటకం 'ఎ రెయిజిన్ ఇన్ ది సన్' (1959). బ్రాడ్వేలో ప్రదర్శించిన నల్లజాతి మహిళ రాసిన మొదటి నాటకం. అప్పటికి ఆవిడకి ఇరవై ఎనిమిదేళ్ళు. సౌత్ సైడ్‌లో ఇరుకు వాటాలో ఉండే యంగర్ కుటుంబానికి, చనిపోయిన తండ్రి బీమా సొమ్ము పదివేల డాలర్లు వస్తాయి. తల్లి అందులోంచి ముందు సొమ్ము కట్టి ఒక ఇల్లు కొంటుంది. ఆ ఇల్లు తెల్లవాళ్ళ పేటలో ఉంది. సామాన్లు సర్దుకునే రోజు లిండ్నర్ అనే మనిషి వస్తాడు, ఆ పేట సంఘం తరఫున. చేతిలో బ్రీఫ్‌కేసు. చాలా మర్యాదస్తుడు. ఎవరి మీదా ద్వేషం లేదంటాడు. మా వాళ్ళూ కష్టపడి పైకొచ్చినవాళ్ళే అంటాడు. ఎవరి మనుషుల మధ్య వాళ్ళుంటేనే అందరికీ సుఖం కదా అంటాడు. మీరు కట్టిన దానికంటే ఎక్కువే ఇస్తాం, ఆ ఇల్లు మాకే అమ్మెయ్యండి అంటాడు.

రైల్లో పుస్తకం మూసేశాను. ఆ గొంతు నాకు తెలుసు. అది మా నాన్న గొంతు.

2005లో నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. బ్రాడీపేటలో మా ఇంటి పైవాటా ఖాళీగా ఉంది. నా క్లాస్‌మేట్ ఒకడు హాస్టల్ పడక గది వెతుక్కుంటున్నాడు. ల్యాబ్‌లో నా పార్ట్‌నర్. నాకు డేటా స్ట్రక్చర్స్ అర్థమైందంటే వాడి వల్లే. "మా ఇంట్లోనే ఉండొచ్చుగా" అని నేనే తీసుకొచ్చాను. నాన్న కూర్చోమన్నాడు. అమ్మ కాఫీ ఇచ్చింది. ఏ ఊరు బాబూ అన్నాడు నాన్న. చెప్పాడు. ఊళ్ళో ఎటువైపు అన్నాడు. చెప్పాడు. ఇంటిపేరు అడిగాడు. నాన్నగారేం చేస్తారని అడిగాడు. తర్వాత కాసేపు చదువుల గురించి మాట్లాడి, చాలా మెత్తగా అన్నాడు: "మాకేం పట్టింపుల్లేవు బాబూ. మావాడికి స్నేహితుడివి, నువ్వూ మాకు కొడుకులాంటివాడివే. కానీ ఇంట్లో మా అమ్మ పెద్దావిడ ఉంది, చుట్టుపక్కల అందరూ ఒకలా ఉండరు. నీకే ఇబ్బంది. ఇంకో చోట నేనే చూసిపెడతాను."

నేను అక్కడే ఉన్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. స్కూటర్ మీద వాణ్ణి శంకర్‌విలాస్ సెంటర్ దాకా దింపాను. దారంతా సెమిస్టర్ టైమ్‌టేబుల్ గురించి మాట్లాడుకున్నాం. పైవాటా మరో నాలుగు నెలలు ఖాళీగానే ఉంది. అద్దె రాకపోయినా ఫర్వాలేదనుకున్నారు. తర్వాత 'మనవాళ్ళే' ఎవరో వచ్చారు.

మా నాన్న చెడ్డవాడు కాదు. ఆయన ఎవరినీ పల్లెత్తు మాట అనగా నేను వినలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ సంగతిని నేను అలాగే సర్దిపెట్టుకున్నాను: నాన్న పాతకాలం మనిషి, అయినా ఎంత మర్యాదగా చెప్పాడు అని. లిండ్నర్ వచ్చి ఆ సర్దుబాటు పాడుచేశాడు. నాటకం చదువుతుంటే ఆ మర్యాద ఎవరికి పనికొస్తుందో తెలుస్తుంది. వద్దనిపించుకున్న వాడికి కాదు, వద్దన్న వాడికి.

హాన్స్‌బెరీ అది ఊహించి రాసింది కాదు. 1937లో ఆవిడ తండ్రి కార్ల్ హాన్స్‌బెరీ వుడ్‌లాన్‌లో రోడ్స్ అవెన్యూ మీద ఇల్లు కొన్నాడు. నల్లవాళ్ళకి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అని ఆ పేట ఇళ్ళవాళ్ళంతా రాసుకున్న ఒప్పందం ఉంది. అలాంటి వాటిని కావెనెంట్లు అనేవారు. జనం మూగి ఇటుకలు విసిరారు. ఒకటి ఏడెనిమిదేళ్ళ లొరేన్‌కి తగలబోయి తప్పింది. రాత్రిళ్ళు తల్లి తుపాకీ పట్టుకుని ఇంటికి కాపలా కాసేది. తండ్రి సుప్రీం కోర్టు దాకా వెళ్ళి 1940లో గెలిచాడు, అదీ సాంకేతిక కారణం మీద. ఆ ఒప్పందాలు కోర్టుల్లో చెల్లవన్న తీర్పు రావడానికి 1948 దాకా ఆగాల్సొచ్చింది. ఈ దేశంతో విసిగి మెక్సికోకి మారిపోదామనుకుంటూ ఆయన 1946లో అక్కడే చనిపోయాడు.

జులైలో ఆ ఇల్లు చూడ్డానికి వెళ్ళాను. ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒక సీనియర్ ఇచ్చిన మొదటి సలహా, "సౌత్ సైడ్‌కి మాత్రం వెళ్ళకు." ఎనిమిదేళ్ళు అది పాటించాను. భయపడుతూనే కారు పార్క్ చేశాను. మూడంతస్తుల ఇటుక ఇల్లు. ఎదుటింటాయన గడ్డి కోస్తున్నాడు. పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. రెండిళ్ళవతల అరుగు మీద కూర్చున్న పెద్దావిడ నన్ను కాసేపు చూసి, "ఇల్లు కొనడానికి వచ్చావా బాబూ?" అని అడిగింది. కాదండీ, నాటకం చదివి వచ్చాను అన్నాను. నవ్వి, సినిమాలో సిడ్నీ పాయిటియర్‌ని చూశావా, చూడకపోతే ఇవాళే చూడమంది. పావుగంట మాట్లాడాం. ఎక్కువగా ఆవిడ టమాటా మొక్కల గురించి.

ఆ రాత్రి లాప్‌టాప్ ముందు కూర్చుని పాత మ్యాపులు చూశాను. 1930ల్లో ప్రభుత్వ సంస్థ హెచ్ఓఎల్‌సీ (మాడ్ మార్తా తండ్రి గడువు అడగడానికి వెళ్ళిన ఆఫీసు అదే) ఊళ్ళని రంగులు వేసి గుర్తించింది. ఆకుపచ్చ మేలైన పేట, తర్వాత నీలం, పసుపు, అప్పులివ్వడానికి ప్రమాదమన్న చోట ఎరుపు. నల్లవాళ్ళుంటే దాదాపు ఎరుపే. యూనివర్సిటీ ఆఫ్ రిచ్‌మండ్ వాళ్ళు ఆ మ్యాపులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టారు. బ్యాంకులు అప్పివ్వని పేటల్లో నల్లవాళ్ళు ఇళ్ళు 'కాంట్రాక్టు' మీద కొనుక్కునేవాళ్ళు: ఒక్క వాయిదా తప్పితే ఇల్లూ పోతుంది, కట్టిందీ పోతుంది. 1950ల్లో, 60ల్లో వెస్ట్ సైడ్‌లో ఇదే పద్ధతి. యూర్గిస్‌కి జరిగిందే, యాభై ఏళ్ళ తర్వాత వేరే మనుషులకి.

మా రైలు దారిలో సిసెరో స్టేషనుంది. నా ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగదు. 1951 జులైలో క్లార్క్ అనే నల్లవాళ్ళ కుటుంబం ఆ ఊళ్ళో ఒక ఫ్లాట్‌లోకి దిగబోతే వేలమంది మూగి సామాన్లు కిటికీల్లోంచి విసిరేసి తగలబెట్టారు. గవర్నరు నేషనల్ గార్డుని దింపాల్సి వచ్చింది. 1966 ఆగస్టులో మార్టిన్ లూథర్ కింగ్ ఇళ్ళ కోసమే ఊరేగింపు చేస్తుంటే మార్క్వెట్ పార్కులో రాయి తగిలింది. ఇళ్ళ అమ్మకాల్లో జాతి వివక్ష నిషేధిస్తూ చట్టం వచ్చింది 1968 ఏప్రిల్లో, ఆయన్ని చంపిన వారానికి. మనలాంటి వాళ్ళకి ఈ దేశం తలుపు తీసింది 1965 చట్టం. అదీ ఆ పోరాటాల కాలంలోనే వచ్చింది. నేను నేపర్‌విల్‌లో ఇల్లు కొనుక్కోగలగడం వెనక, ఎవరి పేటకి వెళ్ళొద్దని నాకు చెప్పారో వాళ్ళు తిన్న దెబ్బలున్నాయి. ఈ మాట మా పార్టీల్లో ఎవరూ అనగా వినలేదు. నేనూ ఎప్పుడూ అనలేదు.

"అయితే ఇల్లు వద్దంటావా?" అంది మా ఆవిడ. తనకి భయం వేసింది, నేను ఏదో ఆదర్శం పట్టుకుని కూర్చుంటానని. నాకు అంత ధైర్యం లేదు. ఈ రాష్ట్రంలో బళ్ళకి డబ్బు చాలావరకు ఇంటిపన్నుల నుంచే వస్తుంది. ఖరీదైన ఇళ్ళున్న చోట మంచి బడి, మంచి బడి ఉన్న చోట ఇళ్ళ ఖరీదు. 'స్కూల్ రేటింగ్ 9' అన్న అంకె వెనక ఏముందో ఇప్పుడు తెలుసు. తెలిసీ ఆగస్టులో సంతకం పెట్టాం. క్లోజింగ్ రోజు మా లాయరు గదిలోకొచ్చి అవతలి ఏజెంటుని పేరు పెట్టి పలకరించి భుజం తట్టాడు. 'జంగిల్' గుర్తొచ్చి నాకు చెమట పట్టింది. నూరు పైచిలుకు పేజీలు. ఇళ్ళ సంఘం నిబంధనల మీద పెద్దక్షరాల్లో అదే మాట, కావెనెంట్స్. ఇప్పుడవి కంచె ఎత్తు గురించి, గోడ రంగు గురించి. ఒక్కో పేజీ చదివి సంతకం పెట్టాను. అందరూ గడియారం చూసుకున్నారు.

మిగతావి త్వరగా చెబుతాను. స్టడ్స్ టెర్కెల్ 'డివిజన్ స్ట్రీట్: అమెరికా' (1967) మామూలు మనుషులతో మాటామంతీ. అందులో మొదట మాట్లాడే ఫ్లోరెన్స్ స్కాలా, యూనివర్సిటీ ఆఫ్ ఇల్లినాయ్ క్యాంపస్ కోసం తమ పేటని పడగొట్టకుండా ఆపాలని పోరాడి ఓడిపోయింది. మా ఆవిడ ఎమ్మెస్ చేసింది ఆ క్యాంపస్‌లోనే. ఆ పేజీలు తనకి చదివి వినిపించాను. "మా ల్యాబ్ కింద ఎవరి వంటిల్లు ఉందో" అంది. సాండ్రా సిస్నెరోస్ 'ది హౌస్ ఆన్ మ్యాంగో స్ట్రీట్' (1984)లో ఎస్పెరాంజా అనే పిల్ల తన ఇల్లు చూపించడానికి సిగ్గుపడుతుంది. చిన్న పుస్తకం, మా అమ్మాయి పెద్దయ్యాక ముందు ఇచ్చేది అదే. ఆలెక్స్ కొట్లోవిట్జ్ 'దేర్ ఆర్ నో చిల్డ్రన్ హియర్' (1991) కల్పన కాదు. హెన్రీ హోర్నర్ హోమ్స్ అనే ప్రభుత్వ గృహాల్లో ఇద్దరు అన్నదమ్ముల బాల్యం. వాళ్ళు చూసినవన్నీ చూశాక ఇక్కడ పిల్లలెక్కడున్నారని తల్లి అంటుంది, పేరు అక్కణ్ణుంచే. ఆ భవనాలు పడగొట్టేశారు. పక్కనే యునైటెడ్ సెంటర్. బాస్కెట్‌బాల్ ఆటకి మూడుసార్లు వెళ్ళాను, పార్కింగ్ ఖరీదు తప్ప ఏమీ గమనించలేదు. చివరిది రెబెకా మకాయ్ 'ది గ్రేట్ బిలీవర్స్' (2018), 1980ల్లో ఎయిడ్స్ మింగేసిన స్నేహితుల గుంపు. అందులోనూ ఒకతను ఒక ఇల్లు చూసి కొనుక్కోవాలని కలగంటాడు. డిసెంబర్ మొదటివారం, మంచు పడుతుంటే, రైల్లో ఏడుస్తూ ముగించాను. పక్కాయన టిష్యూ ఇచ్చాడు.

ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. సంక్రాంతికి నాన్నతో ఫోన్లో మాట్లాడుతూ ఆ సంగతి ఎత్తాను. ఆయనకి గుర్తులేదు. "ఎవర్రా? ఎప్పుడు? నేనేమన్నా కసురుకున్నానా?" అన్నాడు. లేదు నాన్నా, అన్నాను. ఆయనకి డెబ్భై ఆరేళ్ళు. అంతకంటే పొడిగించలేకపోయాను.

నా స్నేహితుడికి గుర్తుంది. వాడిప్పుడు బెంగుళూరులో ఉన్నాడు. అప్పుడప్పుడు పండగలకి మెసేజ్‌లు తప్ప మాటల్లేవు. జరిగింది రాసి, ఆ రోజు నేను మాట్లాడకపోవడం తప్పని రాసి పంపాను. రెండు రోజులు నీలం టిక్కులు చూస్తూ కూర్చున్నాను. మూడో రోజు జవాబొచ్చింది: "గుర్తుంది మామా. కాఫీ మాత్రం బాగుంది." కింద ఇంకో మెసేజ్: "అప్పట్నుంచి పదకొండు ఇళ్ళు మారాను. అందులో నాలుగు చోట్ల మీ నాన్నగారి కంటే ఘోరంగా అడిగారు. ఇప్పుడు సొంత ఫ్లాట్. ఆ నాటకం పేరేంటి?"

పంపాను. వారం తర్వాత ఫోన్ చేశాడు. రెండు గంటలు మాట్లాడుకున్నాం, టైమ్‌టేబుల్ గురించి కాదు. పందెం గురించి చెబితే, "షికాగో అయింది సరే, గుంటూరు సంగతేంటి?" అన్నాడు. ఈ ఏడాది పందెం అది. గుంటూరు సీమలో నడిచే పుస్తకాలు పది, ఇద్దరం కలిసి. మొదటిది ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'. జైల్లో కూర్చుని రాసి, 1922లో అచ్చయ్యాక ప్రభుత్వం నిషేధించిన నవల. స్కూల్లో దాని గురించి ఒక మార్కు ప్రశ్న రాశాను గానీ పుస్తకం తెరవలేదు. తర్వాత కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' కథలు, అది వాడి ఎంపిక. 'అమరావతి కథలు' మళ్ళీ చదువుదామన్నాను. "చదువుదాం. ఈసారి అందులో మేం ఎక్కడున్నామో నాకు చూపించు" అన్నాడు.

మీరూ మొదలుపెట్టండి. డల్లాసో, దుబాయో, కౌలాలంపూరో, మీరు ఉన్న ఊరు చాలు. పది పెద్ద లెక్కనిపిస్తే మూడు పుస్తకాలు. ఒక్క నియమం మాత్రం వదలొద్దు: చదివాక ఆ చోటుకి వెళ్ళి చూడండి. మీకు వెళ్ళొద్దని చెప్పిన చోటైతే ముందు అక్కడికే వెళ్ళండి.

మా అమ్మాయి ఇప్పుడు మూడో తరగతి. మొన్న శనివారం తనని ఎక్స్ఛేంజ్ అవెన్యూకి తీసుకెళ్ళాను. ఎద్దు తల చూసి, "ఇది మన ఊరేనా?" అని అడిగింది. అవునన్నాను.